సెకండ్ లైఫ్‌లో మెష్ బాడీ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

శనివారం సాయంత్రం మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి బయలుదేరి చూసినవారికి తెలుసు, స్నేహితుల ఇల్లు చేరేసరికి మళ్ళీ తిరుగుముఖం పట్టే వేళ అవుతుంది. అందుకే బెంగళూరులో తలో మూలన ఉన్న మేము కొంతమంది తెలుగువాళ్ళం వారానికి ఒకసారి సెకండ్ లైఫ్‌లో, అంటే మన బదులు మన బొమ్మ రూపం తిరిగే ఆన్‌లైన్ లోకంలో, కలుసుకోవడం మొదలుపెట్టాము. కబుర్లు, పద్యాలు, ఎవరికైనా ఓపిక ఉంటే ఒక పాట. కొత్తగా వచ్చినవారు రెండో వారానికల్లా నన్ను అడిగే మాట ఒకటే: "అక్కా, మీ అందరి రూపాలూ అంత బాగున్నాయి, నాది మాత్రం ఇలా ఉందేమిటి?" ఇన్నాళ్ళుగా విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మెష్ బాడీ అంటే ఏమిటి? ఖాతా తెరవగానే ఒక శరీరం ఇస్తారు కదా, మరొకటి ఎందుకు?

సెకండ్ లైఫ్ 2003లో మొదలైంది. దాన్ని తయారుచేసిన లిండెన్ ల్యాబ్ అప్పట్లో ఇచ్చిన మూల శరీరం ఇప్పటికీ లోపల అలాగే ఉంది. దాని భుజాలు పలకల్లా, వేళ్ళు అతుక్కుపోయినట్టు ఉంటాయి. 2011లో బయట తయారుచేసిన త్రిమితీయ ఆకృతులను, అంటే మెష్‌లను, లోపలికి తెచ్చుకునే వీలు కల్పించారు. 2014లో ఆ మెష్ మన కొలతలను బట్టి సాగి ముడుచుకునే పద్ధతి వచ్చింది. అప్పటినుంచి వేరే తయారీదారులు చేసిన శరీరాన్ని పాత శరీరం మీద తొడుక్కోవడం అలవాటైంది. తొడుక్కోవడం అన్న మాట ఊరికే వాడలేదు. మెష్ బాడీ నిజానికి ఒక తొడుగు. అడుగున ఉన్న పాత శరీరాన్ని కనబడకుండా చేసి పైన ఇది నిలబడుతుంది, లోపలి ఎముకల గూడు కదిలినట్టల్లా ఇదీ కదులుతుంది.

ఇప్పుడు కొత్తవారికి లిండెన్ ల్యాబ్ సెన్రా అనే మెష్ శరీరాలను ఉచితంగా ఇస్తోంది. మొదటి నెల వాటితో హాయిగా గడపవచ్చు. తొందరపడి డబ్బు పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను.

అన్నిటిలోకీ మంచి బాడీ ఏది?

ఈ ప్రశ్న ఇలా అడిగితే జవాబు దొరకదు. మీరు ఏ బట్టలు కట్టుకోవాలనుకుంటున్నారో ముందు చెప్పండి.

దర్జీ దగ్గరికి కొత్త రవిక గుడ్డ తీసుకువెళ్ళేటప్పుడు ఆది జాకెట్టు కూడా ఇస్తాము కదా. ఆయన దాన్ని గుడ్డ మీద పరిచి, దాని ప్రకారమే కత్తెర వేస్తాడు. సెకండ్ లైఫ్‌లో మెష్ బాడీ చేసే పని అదే. అక్కడ బట్టలు కుట్టేవారు వేల మంది ఉన్నారు. వారిలో ఎవరూ మీ కొలతలు తీసుకోరు. ఫలానా బాడీ కొలతలను ఆదిగా పెట్టుకుని కుడతారు. మీ బాడీ వారి పట్టికలో లేకపోతే ఆ బట్ట మీకు లేనట్టే. ఎంత ముచ్చటపడి కొన్నా మోచేతి దగ్గర చర్మం పొడుచుకువస్తుంది, నడుము దగ్గర ఖాళీ కనిపిస్తుంది.

కాబట్టి బాడీ దుకాణానికి వెళ్ళే ముందు బట్టల దుకాణాలకు వెళ్ళండి. మార్కెట్‌ప్లేస్ అనే వెబ్ సంతలో చీర, లంగా ఓణీ, కుర్తా, పంచె అని వెతకండి. నచ్చిన పది బట్టల కింద ఏయే బాడీల పేర్లు రాశారో కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టండి. ఎక్కువ గీతలు ఏ పేరు ఎదుట పడితే అదే మీకు మంచి బాడీ. ఒక గంట పని. మా బృందంలో ఈ పని చేసినవారెవరూ బాడీ విషయంలో తరువాత బాధపడలేదు.

పేర్లు చెప్పండి మరి.

ఆడవారి బాడీలలో మైత్రేయా వారి లారా చాలా ఏళ్ళుగా ఎక్కువ మంది తొడుక్కున్నది. దాని తరువాతి రూపం లారా ఎక్స్. లెగసీ, ఈబాడీ వారి రీబార్న్ కూడా బాగా వ్యాప్తిలో ఉన్నాయి. నిండైన ఒళ్ళు కావాలనుకునేవారు రీబార్న్, కుప్రా చూస్తారు. మగవారికి బెల్లెజా వారి జేక్, సిగ్నేచర్ వారి జియాని, లెగసీ మగ బాడీ ఉన్నాయి. మగవారి బట్టలు ఎలాగూ తక్కువే, పంచెలు మరీ తక్కువ. కాబట్టి మగవారు పైన చెప్పిన లెక్క ఇంకొంచెం శ్రద్ధగా వేసుకోవాలి.

ఒక హెచ్చరిక. లారా వేరు, లారా ఎక్స్ వేరు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బట్ట రెండోదానికి సరిపోతుందనుకోవద్దు. ఈ పొరపాటు ఖరీదు నాకు తెలుసు, కింద చెబుతాను.

ఎంత అవుతుంది? రూపాయలలో చెప్పండి.

సెకండ్ లైఫ్‌లో చెల్లే డబ్బు లిండెన్ డాలర్లు. పేరున్న బాడీలు చాలావరకు రెండున్నర వేల నుంచి అయిదు వేల లిండెన్ డాలర్ల మధ్య ఉంటాయి. ఒక అమెరికా డాలరుకు సుమారు 250 లిండెన్ డాలర్లు వస్తాయి. అంటే రూపాయలలో వెయ్యికి అటూ ఇటూ మొదలై పదిహేడు వందలు దాటుతుంది. తల, చర్మం, జుట్టు అన్నీ కలిపితే అంతకు రెండింతలు అనుకోండి. హాస్టల్ అద్దె కట్టుకునే పిల్లలకు ఇది చిన్న మొత్తం కాదు. మొదటి జీతం నుంచే కొనేయాలన్న ఆరాటం వద్దు.

కార్డుతో కొనేటప్పుడు చెల్లింపు తిరస్కరించబడితే కంగారుపడకండి. మన బ్యాంకు కార్డులలో అంతర్జాతీయ లావాదేవీలను మనమే ఆన్ చేసుకోవాలి. పరిమితిని చిన్నదిగా పెట్టి, కొన్న వెంటనే మళ్ళీ ఆఫ్ చేయండి.

వారాంతపు తగ్గింపుల తేదీలు అమెరికా పడమటి తీరపు గడియారాన్ని బట్టి నడుస్తాయి. అక్కడ అర్ధరాత్రి దాటి శుక్రవారం పుట్టేసరికి ఇక్కడ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర.

డెమో అంటే ఏమిటి? ఎలా చూడాలి?

దాదాపు ప్రతి బాడీకి, తలకు, బట్టకు డెమో ఉంటుంది. ఉచితంగానో, ఒక లిండెన్ డాలరుకో ఇస్తారు. మీద డెమో అన్న అక్షరాలు తేలుతూ ఉంటాయి, అంతే తేడా. డెమో చూడకుండా ఏదీ కొనవద్దు. దుకాణంలోని బొమ్మను చూసి మురిసిపోవద్దు. ఆ బొమ్మ కదలదు, మీరు కదులుతారు.

నేను చేసే పద్ధతి చెబుతాను. డెమో బాడీ తొడుక్కుని, దాని మీద నేను కట్టుకోదలచిన చీర డెమో కట్టి, నలుగురూ లేని చోటికి వెళతాను. ముందు నిలబడి చూస్తాను. నిలబడ్డప్పుడు ఏ చీరైనా బాగుంటుంది. తరువాత నడుస్తాను. మొదటి లోపం కుచ్చిళ్ళ దగ్గర బయటపడుతుంది: అడుగు వేసినప్పుడు మోకాలు కుచ్చిళ్ళను చీల్చుకుని బయటికి తొంగిచూస్తుంది. ఆ తరువాత చేయి పైకెత్తుతాను. పైటను బొమ్మకు కట్టినవారు దాన్ని భుజానికి కట్టి ఉంటే నిలుస్తుంది. మోచేతి ఎముకకు కట్టి ఉంటే, చేయి లేవగానే పైట చెంగంతా రెక్కలాగా చేతితోబాటు లేచి గాలిలో నిలబడిపోతుంది. చివరగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను. తుంటి దగ్గర బాడీ ఎలా మడత పడుతుందో అక్కడ తెలుస్తుంది. కొన్ని బాడీలు ఆ మడతలో కాగితం నలిగినట్టు నలిగిపోతాయి. మనం కచేరీకి కూర్చునేది నేల మీదే కాబట్టి నాకు ఇది ముఖ్యం.

మోకాలు కొంచెంగా తొంగిచూస్తే భయపడనక్కరలేదు. బాడీతోబాటు హడ్ అని ఒక బటన్ల పలక వస్తుంది, అది తెర మీద ఒక పక్కన కనబడుతుంది. అందులో శరీరాన్ని ముక్కలుగా విడగొట్టి చూపిస్తారు. చీర కింద ఎలాగూ కనబడని మోకాలి ముక్కను నొక్కితే అది మాయమవుతుంది. కుచ్చిళ్ళు బాగుపడతాయి. పొట్ట దగ్గర మాత్రం ఈ ఉపాయం పనిచేయదు, అక్కడ సగం చర్మం కనబడాలి కదా. ముక్కలు ఎంత చిన్నవిగా ఉంటే అంత మేలు. డెమోలోనే లెక్కపెట్టండి.

చీర తొడుక్కోగానే నా జుట్టు ఊడిపోయింది. ఎందుకు?

మెనూలో ధరించు, చేర్చు అని రెండు ఉంటాయి. మొదటిది నొక్కితే అదే చోట తగిలించిన పాత వస్తువు తీసేసి కొత్తది పెడుతుంది. రెండోది పాతదాన్ని ఉంచి కొత్తది కలుపుతుంది. ఎప్పుడూ చేర్చు నొక్కండి.

తల వేరుగా కొనాలా?

చాలావరకు అవును. బాడీ మెడ దాకానే. తలలలో లెలుట్కా పేరు ఎక్కువగా వినబడుతుంది. ఒక తల ఎంచుకుని దాన్ని మీ ముఖంగా మలచుకోవాలి.

తల, బాడీ కలిసే చోట మెడ చుట్టూ సన్నని గీత కనబడితే, అది మీ తప్పు కాదు. మూడు కారణాలలో ఒకటై ఉంటుంది. తల సెట్టింగులలో ఏ బాడీతో కలపాలో ఎంచుకునే బటన్ తప్పుగా ఉండవచ్చు. ముఖానికి, ఒంటికి వాడిన చర్మాల ఛాయలు కలవకపోయి ఉండవచ్చు. లేదా రెండిటి మెరుపు స్థాయి వేరై ఉండవచ్చు. ఈ వరుసలోనే చూడండి. పట్టపగలు కనబడని గీత సాయంకాలపు ఏటవాలు వెలుగులో బయటపడుతుంది కాబట్టి వెలుగు మార్చి మార్చి చూడాలి.

నా ఒంటి రంగు దొరకడం లేదు. చామనచాయ ఎక్కడ?

ఈ ప్రశ్న నన్ను ఎక్కువగా కదిలిస్తుంది, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను.

చర్మాలు అమ్మే దుకాణం ముందు నిలబడితే ప్రచార బొమ్మలో పాలరంగు అమ్మాయే ఎక్కువగా కనిపిస్తుంది. మన రంగు లేదనుకుని వెనుదిరిగేవారిని చూశాను. లేదనుకోవద్దు. డెమో పెట్టె తెరవండి. అందులో ఛాయలు తెలుపు నుంచి నలుపు దాకా వరుసగా ఉంటాయి, మన రంగు ఆ వరుసలో సగం దాటాక మొదలవుతుంది. ఒక్కొక్కటీ వేసుకుని చూడండి. ఫోనులో మీ ముంజేతి ఫోటో పగటి వెలుగులో తీసి పక్కన పెట్టుకోండి. ముఖం ఫోటో వద్దు, దానిలో ఫోను తనంతట తాను తెల్లబరిచే అలవాటు ఉంటుంది.

కొన్ని చర్మాలు తెల్ల చర్మానికే ముదురు రంగు పూసినట్టు ఉంటాయి. బుగ్గల ఎరుపు అలాగే ఉండి పైన గోధుమ రంగు కప్పితే ముఖం బూడిద పట్టినట్టు కనబడుతుంది. మన చర్మంలో కనురెప్పల చుట్టూ, వేళ్ళ కణుపుల మీద రంగు ముదురుగా ఉంటుంది. పెదవుల అంచు గోధుమ కలిసిన ఊదాలో ఉంటుంది. అరచేయి ఒంటికంటే లేతగా ఉంటుంది. వేసుకున్నాక అరచేయి తిప్పి చూడండి. అరచేయి, చేతి వెనక భాగం ఒకే రంగులో ఉంటే ఆ చర్మం మన గురించి ఆలోచించి చేసినది కాదు. నేను అయితే కొనను.

మరొక మాట. మా బృందంలో ఒక అమ్మాయి మొదటి వారమంతా పాలరంగు చర్మంతో తిరిగింది. రెండో వారం తన సొంత ఛాయలో వచ్చింది. ఎవరూ ఏమీ అనకముందే "ఇదిగో, ఇప్పుడు నేనే వచ్చాను" అంది. ఏ రంగైనా వేసుకునే స్వేచ్ఛ అందరికీ ఉంది. కానీ పెళ్ళిచూపులలో, సబ్బు ప్రకటనలలో విన్న మాటలకు భయపడి ఇక్కడ కూడా రంగు తగ్గించుకోవలసిన పని ఎవరికీ లేదు.

2019 నుంచి బేక్స్ ఆన్ మెష్ అనే పద్ధతి వచ్చింది. చర్మం, కాటుక, గోరింటాకు, పచ్చబొట్టు పొరలన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి, కలిపి ఒకే బొమ్మగా బాడీకి అద్దుతుంది. మీరు కొనే బాడీకి ఈ సదుపాయం ఉందో లేదో తప్పక చూడండి. నుదుటి బొట్టు కూడా ఇలాంటి పొరగానే దొరుకుతుంది.

నా అవతారం నాలాగే ఉండాలా?

అక్కరలేదు. మనవాళ్ళు అవతారం అన్నది దిగిరావడం అనే అర్థంలో. కంప్యూటర్ ఆటలవారు ఆ మాటను మన దగ్గర నుంచే తీసుకున్నారు. లూకాస్‌ఫిల్మ్ వారు 1986లో ప్రయోగించిన హ్యాబిటాట్ అనే ఆన్‌లైన్ లోకంలో ఆటగాడి బొమ్మను అవతార్ అన్నారు. చేపగా, వరాహంగా దిగివచ్చిన కథలు చిన్నప్పటినుంచి విన్న మనకు రూపం మార్చుకోవడం కొత్త విషయం కాదు. మా దగ్గర ఒకరు నెమలిగా వస్తారు. చక్కగా పద్యం చదువుతారు.

కొలతలు ఎలా పెట్టుకోవాలి?

బాడీని కొన్నాక షేప్ అనే దానిలో జరిపే మీటలు ఉంటాయి. ఎత్తు, భుజాలు, నడుము, కాళ్ళ పొడవు అన్నీ సున్నా నుంచి వంద వరకు. బాడీతో వచ్చే షేప్ తరచుగా ఏడడుగుల మనిషిది. అక్కడ చాలామంది అంతే పొడవుంటారు, ఇళ్ళూ కుర్చీలూ వారికి తగ్గట్టే పెద్దవిగా కడతారు. మీరు అయిదడుగుల నాలుగు అంగుళాలుగా వెళితే పిల్లల్లా కనబడే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలని పొరబడి పెద్దల ప్రదేశాలలోకి రానివ్వకపోవచ్చు కూడా. మధ్యే మార్గంగా ఎత్తు తగ్గించి, తల పరిమాణం కూడా ఆ నిష్పత్తిలో సరిచూసుకోండి. చేతులు కిందికి వదిలినప్పుడు వేళ్ళ కొనలు తొడ సగం దాకా రావాలి. చాలామంది షేప్‌లలో చేతులు పొట్టిగా ఉంటాయి.

నాట్యం చేస్తాను. చేతి ముద్రలు పట్టగల బాడీ కావాలి.

2016 డిసెంబరులో బెంటో అనే మార్పుతో అవతారం ఎముకల గూడులో వందకు పైగా కొత్త ఎముకలు చేరాయి. అంతకుముందు చేయి మొత్తం ఒకే ముద్దగా కదిలేది, పిడికిలి, చాచిన చేయి వంటి కొన్ని స్థితులే ఉండేవి. ఇప్పుడు ప్రతి వేలూ విడిగా వంగుతుంది. పతాకంలో బొటనవేలు వంగాలి, త్రిపతాకంలో ఉంగరపు వేలు కూడా వంగాలి. బెంటో చేతులున్న బాడీ ఆ రెండింటి తేడా చూపగలదు. ఇప్పటి పేరున్న బాడీలన్నిటికీ ఇది ఉంది. ఎవరైనా చవకగా పాత బాడీ ఇస్తామంటే మాత్రం డెమోలో ఒక వేలు వంచి చూడండి. ముద్రల యానిమేషన్ కూచిపూడి తెలిసినవారు చేసినది దొరకడం వేరే సంగతి. అది ఇంకా మనవాళ్ళు చేయవలసిన పని.

కొత్త బాడీతో వస్తే నా లాప్‌టాప్ నత్తనడక నడుస్తోంది. ఇతరులకు నేను ఒకే రంగు బొమ్మగా కనబడుతున్నానట.

ప్రతి అవతారానికి సంక్లిష్టత అని ఒక అంకె ఉంటుంది. ఎదుటివారు పెట్టుకున్న పరిమితిని మీ అంకె మించితే వారి తెర మీద మీరు రంగు ముద్దలా కనబడతారు. తప్పు తరచుగా బాడీది కాదు. జుట్టు, నగలు చూడండి. మువ్వల పట్టీలలో ఒక్కొక్క మువ్వనూ విడిగా చెక్కి ఉంటే అదొక్కటే బాడీ కంటే బరువు. ఒక్కొక్కటి తీసేస్తూ అంకె ఎంత తగ్గుతోందో గమనించండి. అంతకీ కుదరకపోతే కంప్యూటర్ విడిభాగాలు దొరికే ఎస్.పి. రోడ్డుకు వెళ్ళి ర్యామ్ వేయించుకోవచ్చు గానీ, ముందు ఆ పట్టీలు తీయండి.

కొన్నాక నచ్చకపోతే తిరిగి ఇవ్వవచ్చా? స్నేహితురాలికి ఇవ్వవచ్చా?

సాధారణంగా రెండూ కుదరవు. బాడీలను, బట్టలను చాలావరకు నకలు చేసుకునే హక్కుతో, బదిలీ చేసే హక్కు లేకుండా అమ్ముతారు. ఒక లంగా ఓణీ కొన్నాను. బొమ్మ కింద లారా అని ఉంది, నేను అప్పటికే లారా ఎక్స్‌కు మారాను. డెమో లేదు, పండుగ తొందరలో కొనేశాను. లంగా అంచు నడుము దగ్గర చర్మంలో మునిగిపోయింది. పాత లారా ఉన్న స్నేహితురాలికి ఇద్దామంటే బదిలీ లేదు. దుకాణం వారికి రాశాను, జవాబు రాలేదు. ఆ ఓణీ రంగు నేరేడు పండు రంగు. ఇప్పటికీ పెట్టెలోనే ఉంది. డెమో లేని వస్తువు జోలికి వెళ్ళవద్దని చెప్పడం అప్పటినుంచే.

ఉచిత బాడీలు ఉన్నాయా?

ఉన్నాయి. సెన్రా సంగతి పైన చెప్పాను. రూత్2, రోత్2 అని అందరూ కలిసి బాహాటంగా తయారుచేసిన బాడీలు కూడా ఉన్నాయి, వాటి మూల ఫైళ్ళు సైతం తెరిచే ఉంటాయి. త్రిమితీయ ఆకృతులు చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుని సొంతంగా చీర కుట్టాలనుకునేవారికి వీటికంటే మంచి బడి లేదు. బట్టలు తక్కువ దొరుకుతాయి, అది నిజం.

మా అమ్మ కూడా వస్తానంటోంది. వయసు కనబడే బాడీ ఉందా?

వయసు ప్రత్యేకంగా బాడీలో ఉండదు. చర్మంలో, షేప్‌లో, నడకలో ఉంటుంది. ముడుతల పొర, నెరిసిన జుట్టు దొరుకుతాయి. షేప్‌లో నడుము కొంచెం వెడల్పు చేసి, భుజాలు తగ్గించాలి. అంతా చేశాక కూడా ఏదో లోటుగా ఉంటే అది నడక. బాడీ ఏదైనా, నడక మార్చే పరికరం లేకపోతే పాతికేళ్ళ అమ్మాయిలా చేతులు ఊపుకుంటూ నడుస్తుంది.

కృష్ణరాజపురంలో కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ కోసం మేము ఇలా ఒక రూపం తయారుచేశాము. ముఖానికి ముడుతలు ఎన్ని పెట్టమంటారని అడిగితే, "ఉన్నవన్నీ పెట్టమ్మా" అన్నారు. తెల్ల ముడి, జరీ అంచు నేత చీర, నెమ్మదైన నడక. తెరలో తనను తాను చూసుకుని, ఎడమ చేతికి గాజులు లేవని చెప్పారు. మట్టి గాజులు వెతికేసరికి రాత్రి పదకొండు దాటింది. ఎరుపు దొరకలేదు, ఆకుపచ్చవి వేశాము. ఆ శనివారం ఆవిడ మొదటి వరుసలో కూర్చున్నారు.